కుర్చీ, బల్ల, చవకదనం

కొద్ది నెలల క్రిందట నా పూర్వవిద్యార్థి ఒకడు మా ఇంటికి వచ్చాడు. ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరి అతనికి ఇంకా రెండేళ్లు నిండలేదు. ఇటీవలనే వివాహమయినది, రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. కుశలప్రశ్నలు అయిన తరువాత కొంత సంకోచిస్తూ, “మాస్టారూ, ఇంట్లోకి సామాను కొనాలి. చవకగానూ ఉండాలి, ఈ కాలానికి తగినట్లూ ఉండాలి. ఏం కొనమంటారు?” అని అడిగాడు. “నాయనా, నేను సంధులూ సమాసాలూ చెప్పేవాడినే కాని వడ్రంగం చెప్పేవాడిని కాను గదా!” అని నవ్వాను. అతడు నవ్వలేదు. నెలనెలా కొంచెం కొంచెంగా కూడబెట్టిన సొమ్ము అతని దగ్గర ఉన్నది. అది ఒకసారి చేయిజారితే మళ్లీ అంత సమకూరేది ఎన్నాళ్లకో! నవ్వినందుకు నాకే సిగ్గు కలిగింది. ఆనాడు నేను చెప్పలేకపోయిన సమాధానాన్ని తరువాత ఆలోచించి కూర్చుకున్నాను. అదే ఈ వ్యాసం.

సాహిత్యానుబంధంలో కుర్చీల ప్రసక్తి ఏమిటని పాఠకులు శంకించవచ్చు. కాని పుస్తకం చదవడానికి కూర్చునే చోటు ఒకటి కావలె. చదివిన పుస్తకం దాచుకొనే అర ఒకటి కావలె. పిల్లవాడు నోటుపుస్తకం విప్పి వ్రాసుకొనే బల్ల ఒకటి కావలె. చదువుకు సరస్వతీకటాక్షం ఎంత అవసరమో, సరియైన ఎత్తుగల బల్ల కూడా ఇంచుమించు అంత అవసరమే అని ఉపాధ్యాయులకు నేను వేరే చెప్పనక్కరలేదు.

మొట్టమొదట మాటల సంగతి చూద్దాం. కుర్చీ అరబ్బీ మాట. హిందుస్తానీ మీదుగా మన దగ్గరకు వచ్చి కూర్చున్నది. అలమారా పోర్చుగీసువారి వెంట ఓడ దిగినది. సోఫా అరబ్బీలో పుట్టి, ఐరోపా అంతా తిరిగి, ఇంగ్లీషు ద్వారా మన ముందుగదికి చేరినది. పీట, మంచం, చాప, ఉట్టి, గూడు మాత్రం తరతరాలుగా మన ఇండ్లలో ఉన్నవి. పీట సంస్కృత పీఠానికి తద్భవమే అయినా దానిని పరాయి మాట అనేవారెవరూ లేరు. పెండ్లికి పీటలు వేస్తాం; గౌరవించదలచినవారికి పెద్దపీట వేస్తాం. కుర్చీ మన పలుకుబళ్లలోకి పదవికి సంకేతంగా వచ్చినది. పీట ఆదరణకు సంకేతంగా నిలిచినది. ఏ వస్తువు మన ఇంటిలో పుట్టినదో, ఏది కచేరీ నుండి వచ్చినదో భాషయే చెబుతున్నది.

మన పూర్వుల ఇండ్లలో సామాను తక్కువగా ఉండేదని అంటూ ఉంటాం. ఇది సగమే నిజం. ఆనాటి సామానులో చాలాభాగం ఇంటిలోనే ఇమిడి ఉండేది. వీధి అరుగే సోఫా. గోడలోని గూడే అలమారా. దీపం పెట్టే గూడు ఒకటి, పుస్తకాలు పెట్టే గూడు మరొకటి. దూలానికి వ్రేలాడే ఉట్టే పాలూ పెరుగూ దాచే చోటు. తాపీవాడు గోడ కట్టిననాడే సగం సామాను సమకూరేది. నేటి అద్దె ఇంటి గోడ నున్నగా, బోడిగా ఉంటుంది. మేకు కొట్టవలెనన్నా ఇంటి యజమాని అనుమతి కావలె. గోడ ఇవ్వడం మానినదంతా మనం ఇప్పుడు అంగడిలో కొనుక్కోవలసి వచ్చినది. అందుచేత నా విద్యార్థి అడిగినది విలాసానికి సంబంధించిన ప్రశ్న కాదు, అవసరానికి సంబంధించినది.

ఇక నా అనుభవం ఒకటి చెప్పక తప్పదు. ఏడెనిమిదేండ్ల క్రిందట పుస్తకాల కోసం ఒక నిలువు బీరువా కొన్నాను. చూడడానికి ముచ్చటగా ఉన్నది. అచ్చంగా టేకు చారలే. ధర కూడా అందుబాటులో ఉన్నది. “చెక్కేనా?” అని అడిగితే, “ఇంజనీర్డ్ వుడ్ సార్, చెక్కకంటే మేలు” అన్నాడు అమ్మినవాడు. ఇంజనీరు చేయి పడిన తరువాత తిరుగేమున్నదని నేనూ అనుకున్నాను. సూర్యరాయాంధ్ర నిఘంటువు సంపుటాలనూ, వాటితోపాటు భారతం సంపుటాలనూ వరుసగా పేర్చాను. ఒక సంవత్సరంలో నడిమి అర విల్లులాగా వంగినది. రెండవ వర్షాకాలంలో కిటికీ నుండి జల్లు కొట్టి అడుగుభాగం తడిసి, నానిన రొట్టెలాగా ఉబ్బి, అంచున అతికించిన పట్టీ ఊడినది. ఊడిన చోట వేలు పెడితే పొట్టు రాలినది. టేకు చారలన్నీ అచ్చువేసిన కాగితం మీదివి! పైన పటారం, లోన లొటారం అన్న సామెతను ముప్పై ఏండ్లుగా తరగతిలో చెబుతూ వచ్చిన నేను, దాని అర్థాన్ని ఆనాడు చేతితో తడిమి తెలుసుకున్నాను.

లోపల ఉన్నది పార్టికల్ బోర్డు. కలప ముక్కలను చిన్నచిన్న పొట్టుగా చేసి, జిగురు కలిపి, వేడిమీద గట్టిగా అదిమి చేసే పలక అది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో జర్మనీలో కలప కొరత వచ్చినప్పుడు అది పరిశ్రమగా తలెత్తినది. కలపను ఇంకా మెత్తని నారగా చేసి అదిమితే అది ఎం.డి.ఎఫ్. పలక. పలుచని చెక్కపొరలను ఒకదాని మీద ఒకటి అడ్డంగానూ నిలువుగానూ మార్చి మార్చి అతికిస్తే అది ప్లైవుడ్. ఈ మూడూ ఒకటే అని చాలామంది అనుకుంటారు. కాని బలంలోనూ, తడికి ఓర్చుకోవడంలోనూ వీటికి ఎంతో అంతరం ఉన్నది. మన దేశపు ప్రమాణాలలో కూడా వీటికి వేర్వేరు సంఖ్యలున్నవి: పార్టికల్ బోర్డుకు ఐ.ఎస్. 3087, ఎం.డి.ఎఫ్.కు ఐ.ఎస్. 12406, సామాన్య ప్లైవుడ్‌కు ఐ.ఎస్. 303, నీటికి బాగా నిలిచే మెరైన్ ప్లైవుడ్‌కు ఐ.ఎస్. 710.

పార్టికల్ బోర్డును నేను నిందించడం లేదు. వృథాగా పోయే కలపపొట్టును వినియోగంలోకి తేవడం మంచిపనే. ఆ మేరకు చెట్లు మిగులుతవి. పొడిగా ఉండే చోట, బరువు పడని చోట అది చక్కగా పనిచేస్తుంది. దోషం వస్తువులో లేదు. దానికి తొడిగిన వేషంలో ఉన్నది. పొట్టు పొట్టుగా కనబడితే నేను దాని మీద నిఘంటువులు పెట్టి ఉండేవాడిని కాను. టేకు వేషం వేసుకొన్నది కనుకనే టేకుకు తగిన బరువును దాని నెత్తిన పెట్టాను.

ఇక్కడనే నేను చెప్పదలచిన అసలు మాట ఉన్నది. చవకదనం రెండు విధాలు. ఒకటి, ఆలోచనవల్ల వచ్చిన చవకదనం: అనవసరమైనదానిని తొలగించి, అవసరమైనదానిని మాత్రం నిలిపినందువల్ల ధర తగ్గడం. రెండవది, మరుగువల్ల వచ్చిన చవకదనం: కంటికి కనబడేదానిని నిలిపి, కనబడని చోట తగ్గించడం. మొదటిది పనివాని బుద్ధికి ఫలం. రెండవది కొనేవాని అజ్ఞానంమీద లాభం. అంగడిలో ఈ రెండింటికీ ఒకే ధరచీటీ వ్రేలాడుతూ ఉంటుంది.

మొదటి విధానికి దృష్టాంతం కావలెనంటే వియన్నా నగరానికి చెందిన ఒక కుర్చీని చెప్పవచ్చును. మైకేల్ థోనెట్ అనే వడ్రంగి బీచ్ కర్రను ఆవిరిలో మెత్తబరచి, అచ్చులో వంచే ఉపాయం సాధించాడు. 1859లో అతని సంస్థ పద్నాలుగవ నంబరు కుర్చీని తయారుచేసినది. మొత్తం ఆరు కర్రముక్కలు, పది మరమేకులు, రెండు నట్లు. కూర్చునే చోట పేము అల్లిక. అంతే. చెక్కడం లేదు, పూతపూలు లేవు. విప్పివేస్తే 36 కుర్చీలు ఒక ఘనపు మీటరు పెట్టెలో ఇమిడేవి. ఆ పెట్టెలు ఓడలకెక్కి దేశదేశాలకు పోయినవి. 1930 నాటికి అయిదు కోట్ల కుర్చీలు అమ్ముడుపోయినవని లెక్క. సామాన్యుడు కాఫీ త్రాగే చోట వేసిన చవక కుర్చీ అది. అయినా అల్లిక తెగితే మళ్లీ అల్లించుకోవచ్చును, మరమేకు వదులైతే బిగించుకోవచ్చును. ధర ఎక్కడ తగ్గినదో ఆ కుర్చీని చూచినవానికి ఇట్టే తెలుస్తుంది. దాచినది ఏమీ లేదు.

రెండవ దృష్టాంతం ఇంగ్లండు దేశానిది. యుద్ధకాలంలో కలప చాలక, 1942లో అక్కడి ప్రభుత్వం ఇంటి సామాను తయారీని తన అదుపులోకి తీసుకొన్నది. బాంబులకు ఇల్లు కూలినవారికీ, కొత్తగా పెండ్లి చేసుకొన్నవారికీ మాత్రమే సామాను లభించేది; అదికూడా ఇన్ని యూనిట్లని లెక్కకట్టి. గార్డన్ రస్సెల్ వంటి నిపుణులు నమూనాలు నిర్ణయించారు. అలంకారం నిషిద్ధం; కాని ఒక కర్ర కొనను మరొక కర్ర తొలిచిన బెజ్జంలో బిగించే పాత వడ్రంగపు అతుకు మాత్రం తప్పనిసరి. కొరత వచ్చినప్పుడు ఏది మానవలె, ఏది మానరాదు అన్న వివేకం ఆ నియమంలో ఉన్నది. పువ్వులు మానవచ్చును, అతుకు మానరాదు. 1952లో ఆ పథకం ముగిసినది. కొందరు కొనుగోలుదారులు ఆ సామాను మరీ బోసిగా ఉన్నదని గొణిగిన మాట నిజమే. కాని అది విరిగిపోయే సామాను కాదు.

మన దేశపు కథ మరింత విచిత్రమైనది. దేశవిభజనతో లాహోరును కోల్పోయిన పంజాబుకు చండీగఢ్‌లో కొత్త రాజధాని కట్టినప్పుడు కచేరీలకూ, కళాశాలలకూ, ఉద్యోగుల ఇండ్లకూ వేలకొలది కుర్చీలూ బల్లలూ కావలసి వచ్చినవి. లె కార్బూజియే దాయాది పియర్ జానరే, ఆయనతోపాటు యూలీ చౌదరి వంటి భారతీయ శిల్పులు, వాటికి నమూనాలు గీశారు. స్థానిక వడ్రంగులు టేకుతో, పేము అల్లికతో వాటిని చేశారు. కత్తెరలా విచ్చుకొన్న రెండు కాళ్లు, వాటిమీద ఒక చేయి, నడుమ అల్లిక. గుమాస్తా కూర్చొనడానికి చేసిన సాదా కుర్చీ. కొన్ని దశాబ్దాలు గడిచిన తరువాత అవి పాతబడినవని కచేరీలవారు మేడల మీద గుట్టలు పోశారు. తుక్కు క్రింద వేలం వేశారు. విదేశీ వర్తకులు వాటిని కొని, బాగుచేసి, ప్యారిస్, న్యూయార్కు నగరాలలో లక్షల రూపాయలకు అమ్మడం మొదలుపెట్టిన తరువాత మనకు కన్ను తెరపిడి పడినది. 2011లో కేంద్ర హోంశాఖ ఆ వస్తువులను అమ్మరాదని ఉత్తర్వు చేయవలసి వచ్చినది. మన వడ్రంగి చేసిన చవక కుర్చీ విలువ మనకు విదేశీయుని వేలంపాట చెప్పవలసి రావడం సంతోషించదగిన సంగతేనా?

ఇంత దూరం పోనక్కరలేదు కూడా. మన నులకమంచం సంగతి ఏమిటి? నాలుగు కోళ్లు, నాలుగు పట్టెలు, కొంత తాడు. వేపో తుమ్మో, ఊరిలో దొరికే కర్ర. వదులైతే కాళ్లవైపు తాడు లాగి బిగిస్తారు. తెగితే మళ్లీ అల్లుతారు. పగలు గోడకు నిలబెడితే గది అంతా ఖాళీ. ఎండాకాలం రాత్రి ఒక్క మనిషి ఎత్తుకొనిపోయి వాకిట్లో వేసుకోగలడు. తాత పడుకొన్న మంచం మీద మనుమడు పడుకొంటాడు. మారినది నులక ఒక్కటే. కొద్ది ఖర్చుతో కట్టుకొన్న ఇటువంటి వస్తువును చూచి దరిద్రపు సామాను అని మొగం చిట్లించిన మనం, దానికంటె ఎన్నోరెట్లు ఖరీదు పెట్టి, నాలుగేండ్లు నిలవని దానిని తెచ్చుకొని ఆధునికులమయ్యామనుకొంటున్నాం.

అట్లని అంగడిలో ఉన్న కొత్త సామానంతా మోసమేనని నా అభిప్రాయం కాదు. థోనెట్ కుర్చీ తరువాత దాదాపు నూరేండ్లకు, 1956లో, స్వీడన్ దేశపు ఐకియా సంస్థ సామానును విడిభాగాలుగా చదునైన పెట్టెలో అమ్మడం ప్రారంభించినది. బల్ల కారులో పట్టక దాని కాళ్లు ఊడదీసినప్పుడు ఆ ఆలోచన తట్టినదని చెబుతారు. ఆ సంస్థ మన దేశంలోని తన మొదటి అంగడిని 2018 ఆగస్టులో హైదరాబాదులోనే తెరిచినది. బిగించిన బల్లను బండిలో వేస్తే, బల్లకంటె దాని కాళ్లమధ్య ఉన్న గాలికే ఎక్కువ కిరాయి పడుతుంది. విప్పి పంపితే ఆ కిరాయి మిగులుతుంది. కొన్నవాడే బిగించుకొంటే కూలి మిగులుతుంది. ఇది ఆలోచనవల్ల వచ్చిన చవకదనమే. కాని ఏ అంగడిలోనైనా ఈ చవకదనం పక్కనే ఆ రెండవ చవకదనం కూడా నిలబడి ఉంటుంది. సంస్థ పేరును చూచి కాక, వస్తువును చూచి తేల్చుకోవలసినది కొనేవాడే.

ఉపాధ్యాయులకు ఈ తేడా మరింత ముఖ్యం. మనకు బదిలీలున్నవి. సామాను లారీకెక్కవలె, మళ్లీ దిగవలె. మరమేకుతో బిగించిన టేకుబల్లను విప్పి బిగించవచ్చును. పార్టికల్ బోర్డులో మరమేకు పట్టేది పొట్టును. ఒకసారి విప్పితే ఆ రంధ్రం పొడి అవుతుంది, రెండవసారి పట్టు చిక్కదు. విడిభాగాలుగా వచ్చిన బీరువా విడిభాగాలుగా మళ్లీ ప్రయాణం చేయలేకపోవడం ఎంత విడ్డూరం! మొదటి బదిలీకే కాళ్లు ఊగే బల్లను చవకగా కొన్నామని ఎట్లా అనగలం?

అయితే అంగడిలో నిలబడిన సామాన్యుడు ఏమి చూడవలె? ముందువైపు చూచేది తక్కువ చేసి, వెనుకవైపూ అడుగువైపూ చూడవలె. అలంకారం చేయని చోటనే వస్తువు నిజం చెబుతుంది. బల్లను తిరగవేసి చూపమని అడగడానికి సంకోచించరాదు. అంచున పట్టీ అతికించి ఉంటే లోపల ఏమున్నదని అడగవలె. “వుడ్” అన్న సమాధానంతో తృప్తిపడక, ఏ పలక, ఏ ప్రమాణం అని మళ్లీ అడగవలె. మూలలను పట్టుకొని ఊపి చూడవలె. కుర్చీలో కూర్చుంటే పాదాలు నేలకు ఆనవలె. పెద్దవారికి కూర్చునే ఎత్తు 16 నుండి 18 అంగుళాలు, వ్రాసుకొనే బల్ల ఎత్తు 28 నుండి 30 అంగుళాలు ఉంటే సాధారణంగా సరిపోతుంది. పిల్లలకు ఇంకా తగ్గవలె, లేదా పాదాల క్రింద పీట వేయవలె. పీట అక్కరలేని కాలం రాలేదన్నమాట!

పుస్తకాల అర విషయంలో భౌతికశాస్త్రం చదివే విద్యార్థులు నాకంటె బాగా లెక్క కట్టగలరు. మీటరు పొడవున్న అరలో పుస్తకాలు నిండుగా పేర్చితే 20, 30 కిలోల బరువు పడుతుంది. పలక అదే, పేర్పు అదే అయినప్పుడు, ఆధారాల మధ్య దూరం రెట్టింపయితే పలక వంగడం పదహారు రెట్లవుతుంది. పలక మందం రెట్టింపయితే వంగడం ఎనిమిదవ వంతుకు తగ్గుతుంది. పార్టికల్ బోర్డు బిగువు టేకు బిగువులో సుమారు నాలుగవ వంతు మాత్రమే. పైగా బరువు క్రింద అది ఏటేటా మరికొంత కుంగుతూ ఉంటుంది. కాబట్టి రెండడుగులకు ఒక ఆధారం ఉన్నదా లేదా అన్నది మొదట చూడవలె. ఈ లెక్క నాకు ముందే తెలిసి ఉంటే నా నిఘంటువులు విల్లు ఎక్కుపెట్టి ఉండేవి కావు.

“ఇవన్నీ డబ్బున్నవారి మాటలు, ఒక్కసారి అంత పెట్టలేనివాడు ఏమి చేయవలె?” అని అడగవచ్చును. న్యాయమైన ప్రశ్న. లెక్క కోసం, ఆరువేల రూపాయల బల్ల నాలుగేండ్లు నిలిచినదనుకొందాం. ఏటికి పదిహేనువందలు పడినది. పదిహేనువేల బల్ల ముప్పై ఏండ్లు నిలిస్తే ఏటికి అయిదువందలు. లేనివాడే ఎక్కువ చెల్లిస్తున్నాడు! లేమిలోని క్రూరత్వం ఇదే. అయినా దీనికి ఉపాయాలు లేకపోలేదు. అన్నీ ఒకేసారి కొనక, ఏడాదికి ఒకటి చొప్పున కొనవచ్చును. పాత ఇండ్లు పడగొట్టినప్పుడు వచ్చిన తలుపులు, దూలాలు అమ్మే అంగళ్లు పట్టణాలలో ఉన్నవి. ఆ కలపతో వీధి చివరి వడ్రంగి చేత బల్ల చేయించుకోవచ్చును. పుస్తకాలకు బెజ్జాల ఇనుప చట్రంతో చేసిన అరలు చాలు; అవి అందంగా ఉండవు కాని ఎన్ని బదిలీలకైనా వస్తవి. కూర్చొనడానికి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకొన్నా నామోషీ లేదు. అది విరిగితే బాగుచేయడానికి వీలులేనిదే. అయినా తాను ప్లాస్టిక్‌నని అది దాచుకోదు. చేయకూడనిది ఒకటే: వడ్డీ లేదన్న వాయిదాలను నమ్మి, ఇల్లంతా ఒక్కనాడే నింపడం. వాయిదాలు తీరకముందే బల్ల కాళ్లు ఊగిన ఇండ్లు నేను ఎరుగుదును.

మరొక మాట. మధ్యతరగతి ఇంటిలో మొదటి ఖర్చు ఎవరికోసం చేస్తున్నాం? ఏడాదికి నాలుగుసార్లు వచ్చే అతిథికోసం సోఫా; గోడకు ఆనించి టెలివిజన్‌కు ఒక సింహాసనం. ఆ తరువాత డబ్బు మిగిలితే పిల్లవాని బల్ల. అందాకా వాడు మంచం మీద బోర్లపడుకొని ఇంటిపని వ్రాస్తాడు. చేతివ్రాత వంకర పోయినదని మనం తరగతిలో కోప్పడతాం. అతిథికి పెద్దపీట వేయవలసినదే, కాదనను. కాని ఇంటిలో రోజూ నాలుగు గంటలు కూర్చొని పనిచేసేవాడికి మొదటి పీట వేయడం ధర్మం. ఉన్న సొమ్ములో మొదటి భాగం రోజూ బరువు మోసే వస్తువుకు పెట్టవలె: పడుకొనే మంచం, వ్రాసుకొనే బల్ల, పుస్తకాల అర. మిగిలినవి వచ్చినప్పుడు వస్తవి. రాకపోయినా చాప పరిస్తే అతిథి కూర్చొనకపోడు.

కలప లోపలి గట్టి భాగాన్ని మన భాషలో చేవ అంటారు. మనిషి సత్తాకూ అదే మాట. కొత్త ఉపాధ్యాయుని పాఠంలో చేవ ఉన్నదో లేదో పిల్లలు వారంరోజులలో కనిపెడతారు. అతని చొక్కా మడతను చూచి వారు మోసపోరు. ఆ పిల్లలకున్న చూపు అంగడిలో మనకు ఎందుకు కొరవడుతున్నది? ఒక్క పిరియడు ఖర్చుపెట్టి తరగతిలో ఉన్న బల్లను తిరగవేసి చూపి, ఇది దేనితో చేశారు, ఎక్కడ అతికారు, ఎందుకు నిలిచినది అని పిల్లలను అడిగే ఉపాధ్యాయుడు ఉంటే, అది భాషాపాఠమూ అవుతుంది, విజ్ఞానపాఠమూ అవుతుంది. వడ్రంగి పట్ల గౌరవం కూడా అక్కడనే మొలకెత్తుతుంది.

నా విద్యార్థి మొన్న మళ్లీ కనిపించాడు. సోఫా కొనలేదట. మా ఊరి పాత కలప అంగడిలో ఒక తలుపు కొని, వడ్రంగి చేత బల్ల చేయించాడు. రెండు కుర్చీలు, ఒక ఇనుప అర తీసుకొన్నాడు. “తలుపుకు గడియ పెట్టిన బెజ్జం బల్లమీద అట్లాగే ఉన్నది మాస్టారూ. పూడ్చమంటారా?” అని అడిగాడు. వద్దన్నాను. కలం నిలబెట్టుకోవడానికి పనికివస్తుందని చెప్పాను.